కాంటాక్ట్ ఫారానికి కాపలా వచ్చిన కథ

పేరు, ఈమెయిల్, సందేశం అని మూడు గళ్లు, వాటి కింద 'పంపండి' అని ఒక బటన్. ఏ వెబ్‌సైట్‌లోనైనా అన్నిటికంటే సాదా పేజీ అదే. బడి కానివ్వండి, ఆసుపత్రి కానివ్వండి, పచ్చళ్ల దుకాణం కానివ్వండి, ముక్కూ మొహం తెలియని మనిషి మొదటిసారి పలకరించేది అక్కడే. ఆ సాదా పేజీ చుట్టూ ముప్పై ఏళ్లుగా పోరాటం నడుస్తోంది. ఫారాన్ని తయారుచేసినవాళ్లు, దాన్ని పాడుచేసినవాళ్లు, కాపాడే ఉపాయాలు కనిపెట్టినవాళ్లు అందరూ ఇందులో ఉన్నారు. ప్రతి మలుపులోనూ తేలాల్సిన ప్రశ్న మాత్రం ఒక్కటే. చెత్తను ఆపే బరువు ఎవరి మీద పడాలి? ఉత్తరం రాసే మనిషి మీదా, అందుకునే సైటు మీదా?

వెబ్ పుట్టిన కొత్తలో పేజీ అంటే చదువుకోవడానికే. తిరిగి జవాబు చెప్పే దారి లేదు. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్ఏ కేంద్రం వాళ్లు 1993లో తమ మొజాయిక్ బ్రౌజర్‌లో ఫారాలు నింపే వీలు తెచ్చారు. నింపినదాన్ని సర్వర్‌లో ఉన్న ప్రోగ్రాముకు అందించే సీజీఐ అనే పద్ధతి కూడా ఆ ఏడాది అక్కడే రూపు కట్టింది. అయితే ఆ ప్రోగ్రాము రాయడం అందరికీ చేతనయ్యే పని కాదు. 1995లో కొలరాడో రాష్ట్రంలో మ్యాట్ రైట్ అనే హైస్కూలు కుర్రాడు పెర్ల్ భాషలో ఫామ్‌మెయిల్ అని ఒక చిన్న స్క్రిప్టు రాసి, ఎవరికి కావాలంటే వాళ్లు వాడుకోండని ఉచితంగా ఇచ్చేశాడు. ఫారంలో నింపిన మాటలను ఈమెయిల్‌గా మార్చి సైటు యజమానికి పంపడం దాని పని. లక్షల సార్లు దాన్ని దించుకున్నారు. సొంతంగా ఒక్క వాక్యం కోడ్ రాయని వాళ్లు కూడా దాని పుణ్యాన తమ పేజీలో ఫారం పెట్టుకోగలిగారు. ఒక కుర్రాడు చేసిన ఈ మేలు తక్కువది కాదు.

లోపం కూడా ఆ సౌలభ్యంలోనే ఉంది. ఉత్తరం ఎవరికి వెళ్లాలి అన్న చిరునామా సర్వర్ లోపల కాకుండా, వెబ్ పేజీలోనే ఒక కనిపించని గడిలో ఉండేది. పేజీలో ఉన్నదాన్ని చూసేవాడు మార్చుకోవచ్చు. ఇంటి గేటుకు తగిలించిన ఉత్తరాల డబ్బాలో వేసింది ఆ ఇంటికే చేరాలి కదా. ఈ డబ్బా మాత్రం, వేసినవాడు ఏ చిరునామా చెబితే ఆ చిరునామాకు, ఇంటివాళ్ల పేరు మీద, ఇంటివాళ్ల ఖర్చుతో పంపేసేది. అడగని ప్రకటనలు పంపే స్పామర్లు ఇది కనిపెట్టారు. వెబ్‌లో ఎక్కడెక్కడ ఫామ్‌మెయిల్ ఉందో వెతికే ప్రోగ్రాములు రాసి, ఆ సర్వర్ల నుంచి లెక్కలేనన్ని ప్రకటనలు గుప్పించారు. అందుకున్నవాళ్లకు ఆ ఉత్తరం ఏదో బడి నుంచో, చిన్న కంపెనీ నుంచో వచ్చినట్టు కనిపించేది. తిట్లు తిన్నది, సర్వర్ల మీద నిషేధాలు భరించింది పాపం ఆ యజమానులే.

ఇలా జరగకుండా స్క్రిప్టులో ఒక తనిఖీ ఉండేది. అభ్యర్థన మన సైటులోని పేజీ నుంచే వచ్చిందా అని బ్రౌజర్ చెప్పే మాటను బట్టి చూసుకునేది. కానీ ఆ మాట చెప్పేది అవతలివాడే. అవతలివాడు అబద్ధం చెప్పొచ్చు, అసలేమీ చెప్పకుండానూ ఉండొచ్చు. ఎక్కడెక్కడికి పంపవచ్చో ఆ చిరునామాల జాబితాను స్క్రిప్టు లోపలే ఉంచే కట్టుబాటు కొత్త శతాబ్దం మొదట్లో వచ్చిన వెర్షన్లలో చేరింది. ఆ రోజుల్లోనే లండన్‌లోని పెర్ల్ ప్రోగ్రామర్ల బృందం ఒకటి మ్యాట్ రైట్ స్క్రిప్టులన్నిటినీ జాగ్రత్తగా తిరగరాసి, పాతవాటి స్థానంలో నేరుగా పెట్టుకునేలా విడుదల చేసింది. పేరు కోసం కాదు, డబ్బు కోసం కాదు. వెబ్ శుభ్రంగా ఉండాలని చేసిన పని అది. ఇలాంటివాళ్ల గురించి మనం తక్కువ చెప్పుకుంటాం.

చిరునామా లోపలికి వెళ్లిపోయింది కాబట్టి గొడవ వదిలిందనుకుంటే, 2005లో మరో దాడి మొదలైంది. అప్పటికి చాలా ఫారాలు పీహెచ్‌పీ భాషలోకి మారాయి. రాసేవాళ్లు తమ ఈమెయిల్ చిరునామా ఇస్తారు, ప్రోగ్రాము దాన్ని తీసుకెళ్లి ఉత్తరం తలకట్టులో 'ఎవరి నుంచి' అన్న వరుసలో పెడుతుంది. ఈమెయిల్ తలకట్టులో ఒక్కో వరుసకు ఒక్కో అర్థం. కాబట్టి దుర్బుద్ధి ఉన్నవాడు చిరునామా గడిలో చిరునామాతో పాటు ఒక 'కొత్త వరుస' గుర్తును కూడా దూర్చి, దాని కింద రహస్య ప్రతులు వెళ్లాల్సిన చిరునామాలను వందలుగా రాసి పంపుతాడు. మెయిల్ సర్వర్‌కు అది మామూలు ఆజ్ఞలానే కనిపిస్తుంది. సైటు యజమానికి ఒక అర్థంలేని సందేశం వస్తుంది, అదే సమయంలో ఊరూరికీ ప్రకటనలు వెళ్లిపోతాయి. మందు చాలా చిన్నది. ఒకే వరుస ఉండాల్సిన గడిలో కొత్త వరుస గుర్తు కనిపిస్తే ఆ సందేశాన్ని తోసిపుచ్చడమే. ఇప్పటికీ కొత్తగా ఫారం రాసేవాళ్లకు నేర్పాల్సిన మొదటి పాఠం ఇదేనని నా అభిప్రాయం. గడిలో మనిషి ఏం రాస్తాడన్నది మన చేతిలో లేదు. దాన్ని ఎక్కడ పెడతామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఈ రెండు దాడుల్లోనూ ఫారం కేవలం దారి. లక్ష్యం ఇంకెవరో. తర్వాత వచ్చిన చెత్త నేరుగా యజమాని పెట్టెలోకే వచ్చింది. మందుల ప్రకటనలు, జూదం లింకులు, 'మీ సైటును గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తాం' అనే హామీలు. 1998లో గూగుల్ వచ్చి, ఒక పేజీకి ఎన్ని లింకులు ఉన్నాయన్నదాన్ని విలువకు కొలతగా తీసుకున్నాక, ఎక్కడ గడి కనిపించినా లింకులు చల్లిపోయే ప్రోగ్రాములు, అంటే బాట్లు, పుట్టుకొచ్చాయి. ఈ గడిలో రాసింది వెబ్‌లో అచ్చవుతుందా, లేక ఒక మనిషి ఇన్‌బాక్స్‌లోకి వెళుతుందా అన్నది బాటుకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. పంపడానికి ఖర్చే లేనప్పుడు అన్నిటికీ పంపుతుంది.

బాటును, మనిషిని వేరుచేసే తొలి గట్టి ప్రయత్నాల్లో ఒకటి 1997లో ఆల్టావిస్టా అనే వెతుకుడు యంత్రం దగ్గర జరిగింది. మీ సైటు చిరునామా ఇక్కడ ఇవ్వండి, మా జాబితాలో చేరుస్తాం అని అక్కడ ఒక ఫారం ఉండేది. బాట్లు దాన్ని చెత్త చిరునామాలతో ముంచెత్తాయి. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ (ఆల్టావిస్టా ఆ కంపెనీదే) పరిశోధనశాలలో పనిచేస్తున్న ఆండ్రే బ్రోడర్, మార్టిన్ అబాడీ, కృష్ణ భరత్, మార్క్ లిలిబ్రిడ్జ్ ఒక ఉపాయం ఆలోచించారు.  కంప్యూటర్ అక్షరాలను తప్పుగా చదివేది ఎప్పుడు? దానికి జవాబు స్కానర్‌తో పాటు వచ్చిన మాన్యువల్‌లోనే దొరికింది. అక్షరాలు సరిగ్గా గుర్తుపట్టాలంటే ఒకే రకం అక్షరాలు వాడండి, వెనక మచ్చలు లేకుండా చూసుకోండి, కాగితం వంకరగా పెట్టకండి అని అందులో సలహాలు ఉన్నాయి. వీళ్లు సరిగ్గా వాటికి విరుద్ధంగా చేశారు. రకరకాల అక్షరాలు, వంకర్లు, మచ్చల నేపథ్యం. ఆ బొమ్మలోని అక్షరాలు చదివి టైపు చేస్తేనే ఫారం ముందుకు వెళ్లేది. చెత్త 95 శాతానికి పైగా తగ్గింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1978 మే 3న ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి అడగని ప్రకటన పంపి, మొదటి స్పామ్ అని చరిత్రకారులు ఇప్పుడు చెప్పే ఉత్తరానికి కారకుడైన గ్యారీ థర్క్ కూడా ఈ డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ ఉద్యోగే. రోగం మొదలైన కంపెనీలోనే దాదాపు ఇరవై ఏళ్లకు ఒక మందు తయారైంది.

2000లో యాహూ ఇదే బాధతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వచ్చింది. అక్కడ మాన్యుయెల్ బ్లమ్, ఆయన విద్యార్థి లూయీ వాన్ ఆన్, వాళ్ల సహచరులు ఈ పరీక్షకు సిద్ధాంత రూపం ఇచ్చి, క్యాప్చా అని పేరు పెట్టారు. అక్కడి నుంచి వంకర అక్షరాలు ప్రపంచమంతా వ్యాపించాయి. 2003లోనే బర్క్‌లీలో గ్రెగ్ మోరీ, జితేంద్ర మాలిక్ ఒక రకం క్యాప్చాను 92 శాతం సార్లు చదవగల ప్రోగ్రాము రాశారు. అక్షరాలు ఇంకా వంకర పోయాయి. ప్రోగ్రాములు ఇంకా తెలివి మీరాయి. 2014లో గూగుల్ తన సొంత పరిశోధన గురించి చెబుతూ, అన్నిటికంటే కష్టమైన అక్షరాలను కూడా యంత్రం 99.8 శాతం సరిగ్గా చదవగలదని ప్రకటించింది. బస్సులు ఉన్న గళ్లు ఎంచుకోండి, ట్రాఫిక్ సిగ్నళ్లు ఎంచుకోండి అనే బొమ్మలు ఆ తర్వాత వచ్చినవి. 2023లో పరిశోధకులు 1,400 మందితో పరీక్షించి చూస్తే, ఈ పరీక్షల్లో మనుషుల కంటే బాట్లే వేగంగా, తప్పుల్లేకుండా నెగ్గుతున్నాయని తేలింది.

ఈ దారి మొదటి నుంచీ నాకు నచ్చదు. ఎందుకంటే ఇది బరువంతా ఉత్తరం రాసే మనిషి మీదే పెడుతుంది. చూపు లేనివాళ్లకు బొమ్మలోని అక్షరాలు చదివే దారే లేదు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యు3సీ సంస్థ 2005లోనే ఈ మాట వివరంగా రాసి హెచ్చరించింది. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషి, పేజీ అంతా తెలుగులో ఉన్నా, చివర వచ్చే వంకర ఇంగ్లిషు అక్షరాల దగ్గర ఆగిపోతాడు. డబ్బున్న స్పామర్ మాత్రం ఆగడు. 2010లో న్యూయార్క్ టైమ్స్ రాసిన కథనం ప్రకారం, క్యాప్చాలు చదివి టైపు చేసే పని భారత్, బంగ్లాదేశ్, చైనా వంటి దేశాల్లో కూలికి దొరికేది. వెయ్యి క్యాప్చాలకు 80 సెంట్ల నుంచి 1.20 డాలర్ల వరకు. అప్పటి లెక్కన మన డబ్బులో సుమారు 35 నుంచి 55 రూపాయలు. కళ్లు కాయలు కాచేలా వెయ్యి బొమ్మలు చదివితే దక్కేది అంతే. మనిషా కాదా అని అడిగే తలుపును, ఆకలి ఉన్న మనుషుల చేతనే తెరిపించారు. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే భాగం ఇదే.

రెండో దారి వేరు. రాసినవాడిని ఏమీ అడగకుండా, రాసినదాన్ని చూసి తేల్చుకోవడం. 1998లో మెహరాన్ సహామీ, సుసాన్ డుమే, డేవిడ్ హెకర్‌మన్, ఎరిక్ హోర్విట్జ్ కలిసి రాసిన పరిశోధన పత్రం దీనికి పునాది. దాని వెనక ఉన్న గణితం 1763లో అచ్చయిన ఇంగ్లండ్ మతబోధకుడు థామస్ బేయస్ వ్యాసం నుంచి వచ్చింది. ఫలానా మాట చెత్త ఉత్తరాల్లో ఎన్నిసార్లు కనిపించింది, మంచి ఉత్తరాల్లో ఎన్నిసార్లు కనిపించింది అన్న లెక్కను బట్టి, ఎదురుగా ఉన్న ఉత్తరం చెత్త కావడానికి ఎంత అవకాశం ఉందో కట్టే పద్ధతి. ఆ నలుగురూ పెట్టుకున్న నియమం ఎంతో విలువైనది. చెత్త అనే నమ్మకం 99.9 శాతం దాటితేనే చెత్తగా లెక్కించాలి. మంచి ఉత్తరం ఒక్కటి పోగొట్టుకోవడం, చెత్త కొంత లోపలికి రావడం కంటే ఎన్నో రెట్లు పెద్ద తప్పని వాళ్లు లెక్కలోకే ఎక్కించారు.

ఈ ఆలోచనను సామాన్య ప్రోగ్రామర్ల దాకా తెచ్చింది పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్. 2002 ఆగస్టులో ఆయన రాసిన వ్యాసంలో, ఆరు నెలలపాటు 'ఈ మాట ఉంటే చెత్త, ఆ లక్షణం ఉంటే చెత్త' అని చేత్తో నియమాలు రాసుకుంటూ పోయి విసిగిన సంగతి ఉంది. తర్వాత నాలుగు వేల మంచి ఉత్తరాలు, నాలుగు వేల చెత్త ఉత్తరాలు తీసుకుని లెక్కను తన పని తాను చేసుకోనిచ్చారు. ఆయన ఊహించని మాటలు బయటపడ్డాయి. ఎర్ర రంగును సూచించే 'ఎఫ్ఎఫ్0000' అనే కోడ్, బూతు మాటలంత గట్టిగా చెత్తను పట్టిచ్చింది. ప్రకటన రాసేవాళ్లకు ఎర్ర అక్షరాలంటే ఎంత ఇష్టమో మనిషి చెప్పలేడు, లెక్క చెప్పింది. గ్రాహం కూడా మంచి ఉత్తరాల్లో మాట కనిపించిన ప్రతిసారీ దాన్ని రెట్టింపుగా లెక్కపెట్టారు, మంచి ఉత్తరం పొరపాటున చిక్కకూడదని. మునుపెన్నడూ చూడని మాటకు 0.4 అనే విలువ ఇచ్చారు. సగం కంటే తక్కువ, అంటే తెలియని మాటను అనుమానించడం కంటే కాస్త నమ్మడం వైపు మొగ్గడం. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసిన ఉత్తరం ఆ ఫిల్టర్ ముందుకు వచ్చి ఉంటే, తెలియని మాటలన్నీ మంచి వైపుకే తూగేవి. తెలియని భాషను శత్రువుగా చూడని ఆ చిన్న నిర్ణయం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇంగ్లిషు కాని అక్షరం కనిపిస్తే సందేశాన్ని కొట్టేయమనే సులువు చిట్కాలు ఈనాటికీ చలామణిలో ఉన్నాయి. తెలుగు పత్రిక సైటులో ఎవరో తెలియక అలాంటి చిట్కా పెడితే, తెలుగులో రాసిన పాఠకుడి ఉత్తరమే మొదట చెత్తబుట్టలో పడుతుంది.

ఈమెయిల్‌కు కుదిరిన లెక్క ఫారాలకు అంత తేలిగ్గా కుదరలేదు. ఫారంలో వచ్చే సందేశం రెండు మూడు వాక్యాలే. ఒక చిన్న సైటుకు నెలకు వచ్చే మంచి ఉత్తరాలు లెక్క నేర్చుకోవడానికి చాలవు. అందుకే అందరి అనుభవాన్నీ ఒకచోట పోగుచేసే ఆలోచన వచ్చింది. వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ స్థాపకుల్లో ఒకరైన మ్యాట్ ముల్లెన్‌వెగ్, తన తల్లి వెబ్‌లో రాయడం మొదలుపెడితే ఆ రోత ప్రకటనలు ఆమె కంట పడకూడదన్న ఆలోచనతో 2005లో అకిస్మెట్ అనే సేవ మొదలుపెట్టారు. సందేశం, అది వచ్చిన ఐపీ చిరునామా, బ్రౌజర్ వివరాలు అకిస్మెట్ సర్వర్‌కు వెళతాయి. చెత్తా కాదా అని జవాబు వస్తుంది. జవాబు తప్పయితే యజమాని దిద్దవచ్చు. ఆ దిద్దుబాటు మిగతా సైట్లన్నిటికీ పనికొస్తుంది. జపాన్‌కు చెందిన తకయుకి మియోషి తయారుచేసిన కాంటాక్ట్ ఫారం 7 వంటి ప్లగిన్లు, అంటే సైటుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, దీన్ని వాడుకునే వీలు కల్పించడంతో, ఫారాలకు నిజమైన ఫిల్టర్ దొరికినట్టయింది. ఇక్కడ ఒక మాట ఉంది. మనిషి మీకు రాసుకున్న ఉత్తరం మూడో చోటికి వెళుతోందన్నది మరిచిపోకూడదు. ఆసుపత్రి ఫారంలో జబ్బు గురించి రాసేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

2008లో బెల్జియంలో డ్రీస్ బైటార్ట్, బెంజమిన్ స్క్రావెన్ మొదలుపెట్టిన మాల్లమ్ అనే సేవ ఇంకో మంచి మెట్టు ఎక్కింది. చెత్త, మంచి అని రెండే తీర్పులు కాకుండా 'తెలియడం లేదు' అనే మూడో తీర్పు పెట్టింది. తెలియనప్పుడు మాత్రమే క్యాప్చా చూపించేది. ఎక్కువమందికి ఏ పరీక్షా ఎదురయ్యేది కాదు. ఆ సేవ 2018లో మూతపడింది కానీ, యంత్రం తన సందేహాన్ని ఒప్పుకోవాలన్న ఆలోచన నిలిచింది.

ఏ సేవా లేకుండా ఎవరైనా తమ సైటులో పెట్టుకోగలిగిన ఉపాయాలు కూడా ఆ రోజుల్లోనే పక్వానికి వచ్చాయి. నెడ్ బ్యాచెల్డర్ అనే ప్రోగ్రామర్ 2007లో వాటిని ఒకచోట చేర్చి వివరించారు. మొదటిది హనీపాట్. ఫారంలో అదనంగా ఒక గడి పెట్టి, దాన్ని మనిషి కంటికి కనిపించకుండా దాచేస్తారు. పేజీని చూడకుండా కోడ్‌ను చదివే బాటు ఆ గడినీ నింపుతుంది, దొరికిపోతుంది. రెండోది సమయం. ఫారం తెరిచిన వేళను తాళం వేసినట్టు గుప్తంగా పేజీలో రాసిపెడతారు. తెరిచిన సెకనులోనే నిండిన ఫారం మనిషి నింపింది కాదు. రోజుల కిందట తెరిచిన పేజీని దాచుకుని పదేపదే పంపుతుంటే అదీ బాటే. మూడోది గళ్ల పేర్లను ప్రతిసారీ మార్చేయడం, ఏ గడిలో ఏం రాయాలో బాటుకు అంతుపట్టకుండా.

ఇవన్నీ రాసేవాడిని ఒక్క ప్రశ్న కూడా అడగవు. అందుకే నాకు ఇవి క్యాప్చా కంటే మర్యాదైన ఉపాయాలు. అలాగని తప్పే చేయవని కాదు. బ్రౌజర్లు పేరు, చిరునామా వాటంతట అవే నింపే సౌకర్యం వచ్చాక, దాచిన గడి పేరు 'ఫోన్' అనో 'ఈమెయిల్ 2' అనో ఉంటే బ్రౌజర్ దాన్నీ నింపేస్తుంది. తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడే అంధులకు ఆ గడి వినిపిస్తే వాళ్లూ నింపుతారు. బాటుకు విషయం తెలియకూడదని చాలా ఫారాలు అప్పుడు కూడా 'మీ సందేశం అందింది, ధన్యవాదాలు' అనే చూపిస్తాయి. మనిషి అందిందనుకుని ఎదురుచూస్తాడు. అది ఎవరికీ అందదు. కాబట్టి దాచిన గడిని ట్యాబ్ కీ చేరకుండా, తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు వినిపించకుండా, బ్రౌజర్ నింపకుండా సూచనలు రాయడం తప్పనిసరి.

ఇంకో కొత్త తంటా 'ధన్యవాదాలు' ఉత్తరంతోనే వచ్చింది. ఫారం నింపినవాళ్లకు చాలా సైట్లు వెంటనే ఒక ఈమెయిల్ పంపుతాయి. బాటు ఈమెయిల్ గడిలో వేరెవరిదో చిరునామా, పేరు గడిలో ప్రకటన పెడుతుంది. 'ప్రియమైన' అన్న మాట పక్కన ఆ ప్రకటనతో సహా ఉత్తరం ఆ పరాయి మనిషికి, మన సైటు పేరు మీద వెళుతుంది. ఫామ్‌మెయిల్ నాటి మోసమే మళ్లీ. వెంటనే జవాబు పంపే సైట్లు అందులో అవతలివాడు రాసిన మాటలేవీ పెట్టకుండా ఉంటే ఇది ఆగిపోతుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో సెంటినెల్‌వన్ అనే భద్రతా సంస్థ అకిరాబాట్ అనే పనిముట్టు గురించి బయటపెట్టింది. చిన్న వ్యాపారాల కాంటాక్ట్ ఫారాలు దాని గురి. ప్రతి సైటులో ఏముందో చదివి, ఆ వ్యాపారం గురించి ప్రస్తావిస్తూ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉత్తరం రాయడానికి అది ఓపెన్‌ఏఐ భాషా నమూనాను వాడుకుంది. క్యాప్చాలు దాటింది. 2024 సెప్టెంబర్ నుంచి 80,000కు పైగా సైట్లకు చెత్త చేర్చగలిగింది. ఒకే వాక్యం పదివేల చోట్ల కనిపిస్తే పట్టుకునే పాత పద్ధతి ఇక్కడ పనిచేయదు. అయితే పరిశోధకులు గమనించిన సంగతి ఒకటుంది. మాటలు ఎన్ని మారినా, చివరికి మనల్ని రమ్మనే వెబ్ చిరునామాలు మాత్రం మారుతూ మారుతూ తిరిగి ఆ కొన్నే. ఆపాల్సింది వాటినే. ఓపెన్‌ఏఐ ఆ బాటు వాడిన ప్రవేశ తాళాన్ని (ఏపీఐ కీ) ఆపేసింది.

ఇక ముందు చెత్త ఉత్తరం, మంచి ఉత్తరం మాటల్లో ఒకేలా కనిపించే రోజులు పెరుగుతాయి. ఫిల్టర్‌ను బిగించాలన్న తొందర కూడా పెరుగుతుంది. సైటు నడిపేవాళ్లకు నా మనవి ఇది. అనుమానం వచ్చిన సందేశాన్ని చెరిపేయకండి, కొన్ని వారాలైనా పక్కన దాచండి. దాచే వ్యవధి ఎంతుందో మీ ప్లగిన్ సెట్టింగుల్లో చూసుకోండి. కొన్ని సేవలు పక్షం రోజులకే తుడిచేస్తాయి. ఫారం పక్కన ఒక ఫోన్ నంబరో, ఈమెయిల్ చిరునామానో ఉంచండి. తెలుగులో ఒక సందేశం రాసి, మీ ఫారం నుంచి మీకే పంపి చూడండి. ఈ వారమే మీ స్పామ్ పెట్టె ఒకసారి తెరవండి. అందులో మనిషి రాసిన ఉత్తరం దొరికితే 'స్పామ్ కాదు' అని నొక్కి, ఆలస్యానికి క్షమించమని చెప్పి జవాబు రాయండి.